కుడివైపు గొంతు

నేను ఒక డిస్క్ ప్లేయర్‌ని. ఇంతమాత్రం చెబితే మీకు చిన్న బిళ్ళలతో పాటలు పాడే పెట్టె గుర్తుకు రావచ్చు. నేను అది కాదు, దానికి పెద్దమ్మ వరస. భోజనం పళ్లెమంత వెడల్పుతో, రెండువైపులా అద్దంలా మెరిసే బిళ్ళలు కొంతకాలం లోకంలో ఉండేవి. ఆ బిళ్ళను నా నోట్లో పెడితే, సన్నటి వెలుతురుతో దాన్ని తడిమి, అందులో దాచిన బొమ్మనూ మాటనూ బయటికి తీసి టీవీకి అందించడం నా పని. ఆ పని చెయ్యడానికే పుట్టాను. చేసింది మాత్రం చాలా తక్కువ. నా బతుకంతటిలో ఒకే ఒక్క బిళ్ళను, అదీ కొద్దిసార్లే ఆడించాను.

జపానులో సముద్రం పక్కన ఉన్న ఒక కర్మాగారంలో నన్ను చేశారు. తెల్ల తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని ఒక్కో ముక్కా అమర్చేవాళ్ళు. నా కన్ను బిగించిన ఆవిడ ఊపిరి బిగబట్టి మరీ బిగించింది. అక్కడినుంచి ఒక మ్యూజియంవాళ్ళు కొనుక్కెళ్ళారు. చేతిపనుల మీద వాళ్ళు సినిమాలు తీసేవాళ్ళు. అంతకుముందు ఏడాది ఇక్కడికి, గోదావరి సముద్రంలో కలిసే చోటికి వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ మీద ఒక సినిమా తీసుకుని వెళ్ళారు. అది బిళ్ళగా అచ్చయ్యాక, ఆ ఆడవాళ్ళు తమను తాము చూసుకుంటే బాగుంటుందని వాళ్ళలో ఎవరికో తోచింది. మంచి మనసు. ఆ మంచి మనసు వల్లే బిళ్ళతో పాటు నన్నూ, ఒక చిన్న టీవీనీ, చాలా బరువైన ఒక ఇనప పెట్టెనూ ఓడెక్కించి నరసాపురం దగ్గరున్న లేసు సొసైటీకి పంపించారు.

ఆ ఇనప పెట్టె గురించి ముందే చెప్పాలి. మా దేశంలో కరెంటు నెమ్మదైనది. మీ కరెంటు దానికి రెట్టింపు కంటే ఎక్కువ. మీ కరెంటును మాకు తగ్గట్టు తగ్గించడానికే ఆ పెట్టె. నా వెనక చీటీ కూడా అతికించారు. కానీ పెట్టె విప్పిన రోజున ఎవరూ చీటీలు చదివే తీరికలో లేరు.

సొసైటీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ప్రెసిడెంటు ముత్యాలరావుగారు నాకు పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, జపానుకూ గోదావరి జిల్లాకూ ఉన్న అనుబంధం గురించి చాలాసేపు మాట్లాడారు. అలాంటి అనుబంధం ఒకటుందని అప్పటిదాకా నాకూ తెలియదు. ముందు వరసలో ఒక ఆవిడ చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేరు ఎస్తేరు. ఊళ్ళో అందరికంటే సన్నటి లేసు అల్లే మనిషి అని, సినిమాలో ఎక్కువసేపు కనబడేది ఆవిడేనని అందరూ చెప్పుకుంటున్నారు. ఆ రోజు కోసం కొత్త చీర కట్టుకుంది. పిల్ల దండలో పూలు పీకబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపుతోంది.

"కరెంటోణ్ణి పిలవమంటారాండి?" అని ఎవరో అడిగారు.

"ప్లగ్గు పెట్టడానికి కరెంటోడెందుకయ్యా!" అని ముత్యాలరావుగారు స్వయంగా నా తీగను గోడలో గుచ్చి స్విచ్ వేశారు.

లోపల ఏదో పగిలింది. కాలిన వాసన వచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేను మాట్లాడలేదు.

జనం లేచి వెళ్ళిపోతుంటే ఎస్తేరు మాత్రం దగ్గరికి వచ్చి, "ఏవండీ, మరి నా బొమ్మ రాదాండి?" అని అడిగింది.

"వస్తుందమ్మా. పెద్ద మెకానిక్‌ని పిలిపిస్తాం," అన్నారు ముత్యాలరావుగారు.

ఆయన అన్న మాట మీద నిలబడే మనిషే, కాకపోతే చాలా మాటల మీద ఒకేసారి నిలబడాల్సి వచ్చేది. చిన్న టీవీ భద్రంగా ఉంటుందని వాళ్ళింటికి వెళ్ళింది, తిరిగి రాలేదు. ఇనప పెట్టె ఆఫీసు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చింది. నన్ను బీరువా మీద పెట్టారు. ఎస్తేరు అల్లిన లేసులు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా తల పైకెత్తి నన్ను చూసి, "దీనికింకా జొరం తగ్గలేదాండి?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆవిడ కూడా నవ్వేది. దుమ్ము పడుతోందని నా కొలతకు ఒక లేసు గుడ్డ అల్లుకొచ్చి కప్పింది. ఆ తర్వాత వానాకాలంలో ఆవిడకు కామెర్లు వచ్చాయి. ఆవిడ పోయిందన్న మాటను ఇద్దరు ఆడవాళ్ళు ఆఫీసు గుమ్మంలో నిలబడి చెప్పుకుంటుంటే విన్నాను. పిల్లకు ఇంకా మాటలు పూర్తిగా రాలేదని కూడా అనుకున్నారు.

ఆ పిల్ల పేరు కెజియా.

నన్ను చంకనెత్తుకుని పాలకొల్లులో సూరిబాబు దుకాణం మెట్లెక్కేనాటికి కెజియాకు తన పిల్లలే బడికి వెళ్ళే వయసులో ఉన్నారు. మిషను లేసులొచ్చి సొసైటీ మూతబడింది. సామాను తీసేస్తుంటే, ఎవరికీ అక్కర్లేనివాటిలో నన్నూ బిళ్ళనూ ఆవిడ అడిగి తీసుకుంది. సూరిబాబు టీవీలు బాగుచేసే మనిషి. యాభై దాటాయి. ఈమధ్య జనం టీవీలు బాగుచేయించడం మానేసి కొత్తవి కొనుక్కుంటున్నారు కాబట్టి, దుకాణంలో ఎక్కువసేపు ఫ్యాన్ల మోటార్లకు తీగ చుట్టుకుంటూ కూర్చుంటున్నాడు.

"ఇదేంటండి బాబూ!" అన్నాడు నన్ను చూసి. "దీన్ని నేను బొమ్మల్లోనే చూశానండి. వదిలెయ్యండమ్మా. సామాన్లు దొరకవు."

కెజియా కదల్లేదు. బల్ల మీద ఆనుకుని నెమ్మదిగా చెప్పింది. "అమ్మ ఫోటో ఉందండి మా దగ్గర, పెళ్ళప్పటిది. మొహం తెలుసు. గొంతే తెలీదు. నాన్న చెప్పేవాడండి, నా గొంతు అచ్చం అమ్మదేనని. నేను చర్చిలో పాడతానండి. ఏడిస్తే కూడా నాన్న అదే చెప్పి ఊరుకోబెట్టేవాడు. 'అమ్మెక్కడికీ పోలేదే, నీ గొంతులో ఉంది, పాడు, వినపడుద్ది' అని. మొన్న ఈస్టరుకి ముందు, లెంటు రోజుల్లో పోయాడండి ఆయన. ఆఖర్న కూడా పాడమన్నాడు. పాడితే, 'ఎస్తేరు పాడతన్నట్టే ఉంది' అని కళ్ళు మూసుకున్నాడు." బిళ్ళ ఉన్న అట్టపెట్టెను అతని ముందుకు జరిపింది. "ఒక్కసారి వినాలండి. అంతే."

సూరిబాబు నన్ను తనవైపు తిప్పుకుని వెనక చీటీ చదివాడు. అది చదివిన మొదటి మనిషి అతనే.

"దీంతోపాటు బరువుగా ఒక ఇనప పెట్టె రావాలే అమ్మా? లోపల తీగ చుట్టి ఉంటది."

కెజియా నోటి మీద చెయ్యి వేసుకుంది. "తలుపుకి అడ్డం పెట్టేదాండి?"

మర్నాడు దాన్నీ తెచ్చింది. తుప్పు పట్టింది గానీ లోపల బాగానే ఉంది. ఇన్నేళ్ళుగా అది తలుపు దగ్గర కూర్చుని, నేను బీరువా మీద కూర్చుని, ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం.

సూరిబాబు నా మూత విప్పాడు. కరెంటు వచ్చే చోట పేలిపోయిన ముక్కలు తీసి, పాత టీవీల్లోంచి సరిపోయేవి వెతికి అతికాడు. బిళ్ళను లోపలికి లాగే రబ్బరు పట్టీ కరిగి తారులా అంటుకుపోతే గీకి తీసి, సైజుకు దగ్గరగా ఉన్న పట్టీ వేశాడు. మొదట వేసింది వదులై జారింది. రెండోది బిగుసుకుని మోటారును ఆపేసింది. మూడోది కుదిరింది. కన్ను జరిగే పట్టాల మీద గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. దాన్ని స్పిరిటుతో కడిగాడు. తప్పులు చేశాడు, తిట్టుకున్నాడు, ఒకసారి తీగ తిరగేసి పెట్టి మళ్ళీ నాకు పొగ తెప్పించినంత పని చేశాడు. కెజియా పిల్లలను బడికి పంపి, మధ్యాహ్నం బస్సులో వచ్చి, స్టూలు మీద కూర్చుని చూసేది. అతనేం చేస్తున్నాడో అడిగేది కాదు. టీ మాత్రం తెప్పించేది.

ఒక మధ్యాహ్నం నేను తిరిగాను. ఎన్నేళ్ళ తర్వాతో బిళ్ళ బరువు నా మీద పడింది. వెలుతురు వెలిగించి తడిమాను. అంతా మసక. దుకాణంలోని టీవీ మీద ఇసక తుపానులా ఏవో చుక్కలట.

సూరిబాబు చాలాసేపు నాలో చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అమ్మా, లోపల వెలుతురిచ్చే ముక్క ముసలిదైపోయింది. దానికి కరెంటు కాస్త పెంచితే బొమ్మ కనపడుద్ది. కానీ పెంచితే ఎంతసేపు బతుకుద్దో చెప్పలేను. పోతే మళ్ళీ దొరకదు. పెంచకపోతే అలాగే ఉంటది, చుక్కలతో. ఆలోచించుకుని చెప్పండి."

"పెంచండి," అంది కెజియా.

"ఆలోచించండమ్మా."

"ఇన్నాళ్ళూ అది వెలక్కుండా బతికే ఉంది కదండి. ఏం చూశాం? పెంచండి."

సన్నటి స్క్రూడ్రైవరుతో అతను నాలో ఒక చిన్న మరను కొద్దిగా తిప్పాడు. ఒళ్ళంతా వేడెక్కింది. చుక్కలు విడిపోయాయి.

నాకు బొమ్మ కనబడదు. నేను అందిస్తాను, అంతే. బొమ్మ ఎలా ఉందో చూసేవాళ్ళ మొహాల్లో తెలుసుకోవాలి. ముందు గోదావరి రేవు, పడవలు వచ్చాయి కాబోలు, సూరిబాబు "మన రేవే!" అన్నాడు. ఆ తర్వాత కెజియా స్టూలు మీంచి లేచి టీవీ ముందు నేలమీద కూర్చుంది. "ముక్కు చూడండి," అంది. "మా చిన్నదాని ముక్కు." తెరకు దగ్గరగా జరిగి, "చేతులు ఎంత తొందరగా కదులుతున్నాయో," అంది. తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని ఒకసారి చూసుకుంది.

అంతలో ఎస్తేరు మాట్లాడటం మొదలుపెట్టింది. "పెదవులు కదులుతున్నాయి," అంది కెజియా. కానీ వినబడింది ఒక జపాను మగవాడి గొంతు. ఆయన చాలా మర్యాదగా, చాలా తీరిగ్గా ఏదో వివరిస్తున్నాడు. "నవ్వుతోంది," అంది కెజియా. ఆయన అప్పుడూ ఆపలేదు.

కెజియా టీవీ అంచు పట్టుకుని, "ఆయన్ని ఊరుకోమనండి," అంది. ఎవరూ ఊరుకోబెట్టలేని మనిషిని. "సూరిబాబుగారూ, ఒక్క నిమిషం ఊరుకోమనండి." అప్పుడు ఏడ్చింది. అక్కడి నేలమీదే, మోకాళ్ళలో తల పెట్టుకుని.

ఆ రోజు బస్సుకు వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తానని చెప్పలేదు.

సూరిబాబు నన్ను అలాగే వదిలేసి ఫ్యాన్లు చూసుకోవచ్చు. రెండు రోజులు అదే చేశాడు కూడా. మూడోనాడు భోజనం చేసి వచ్చి, ఊరికే నా వెనకవైపు చూస్తూ ఆగిపోయాడు. నాలోంచి శబ్దం రెండు దారుల్లో బయటికి వస్తుంది, ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఆ జపానాయన గొంతు ఎడమవైపునుంచి మాత్రమే వస్తోంది. కుడివైపు మొదటినుంచీ చడీచప్పుడు లేదు. పాతదైపోయి మూగబోయిందనుకున్నాడు అప్పటిదాకా. ఇప్పుడు ఇంకో సంగతి తోచింది. రెండు దారులున్నప్పుడు, రెండింట్లోనూ ఒకే మాట ఎందుకు పెడతారు? వాళ్ళ దేశంవాళ్ళకు వాళ్ళ భాష ఒకవైపు పెట్టి, అక్కడ నిజంగా వినబడ్డ మాటలు రెండోవైపు ఉంచి ఉంటే?

ఆ సంగతి అతను కెజియాకు ఫోన్లో చెప్పాడు. "ఆశ పెట్టకండి," అంది ఆవిడ.

"ఆశ కాదమ్మా. కుడివైపు ఒకటుంది. అందులో ఏముందో నాకూ తెలీదు. తెరిచి చూత్తాను."

కుడివైపు దారిని మొదటినుంచి చివరిదాకా వెతకడానికి అతనికి చాలా రోజులు పట్టింది. ముక్క ముక్కా పీకి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి దొరికిన జబ్బు వెంట్రుకంత. ముత్యాలరావుగారు స్విచ్ వేసిన రోజున వచ్చిన వేడికి, లోపలి పలక మీద కరెంటు పారే రాగి గీత ఒకచోట చిట్లి, పైకి కనబడకుండా విడిపోయింది. సన్నటి తీగముక్క అడ్డంగా వేసి అతికాడు. అతికి వెంటనే పెట్టి వినొచ్చు. వినలేదు. మూత బిగించి కెజియాకు కబురు చేశాడు.

ఆవిడ వచ్చింది. ఫోను బల్ల మీద నిలబెట్టి రికార్డు చెయ్యడానికి సిద్ధం చేశాడు సూరిబాబు. ఎడమ తీగ పీకేశాడు. కుడిది ఒక్కటే ఉంచాడు. రోడ్డు మీద మోత వినబడకుండా షట్టరు సగం దించాడు. నేను తిరిగాను.

ముందు నీళ్ళ చప్పుడు. కాకులు. పడవకు మేకులు కొడుతున్న సుత్తి చప్పుడు. కెజియా ఉలిక్కిపడి, "నాన్న పడవలు చేసేవాడండి. అది నాన్నేమో," అంది. ఎవరో చదువుకున్న ఆవిడ తెలుగులో అడుగుతోంది. "ఈ పువ్వు మీకు ఎవరు నేర్పించారమ్మా?"

అప్పుడు కుడివైపునుంచి ఆ గొంతు వచ్చింది. నాలో ఎన్నో ఏళ్ళుగా దారిలేక ఆగిపోయిన గొంతు.

"ఎవరు నేర్పుతారండి. గుమ్మడిపువ్వు చూసి అల్లేశాను."

బొంగురు గొంతు. లోతుగా, మోటుగా, మాట చివర విరిగిపోయే గొంతు. దూరంనుంచి వింటే మగవాళ్ళెవరో మాట్లాడుతున్నారనుకోవచ్చు. కెజియాది సన్నటి, తేట గొంతు. ఈ రెంటికీ ఎక్కడా పోలిక లేదు.

కెజియా మొహం చూశాను. వింటోంది. నుదురు ముడిపడి ఉంది, వేరే ఎవరో మాట్లాడుతుంటే అమ్మ మాట్లాడే వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు.

"అల్లేటప్పుడు ఏం ఆలోచిస్తుంటారు?"

"ఏం ఆలోచిత్తానండి. కుట్లు లెక్కెట్టుకుంటాను. మీతో మాటాడతన్నాను కదా, ఇందాకణ్ణించీ లెక్క తప్పుతానే ఉంది." నవ్వు. అదీ బొంగురే.

అంతలో ఎక్కడో చంటిపిల్ల ఏడ్చింది. కుర్చీ కిర్రుమంది. ఆ గొంతు దూరంగా తిరిగి, "వత్తన్నానే... ఏడవకే నా చిట్టిపిట్టా, అమ్మొత్తంది..." అంటూ పోయింది. ఆ తర్వాత నీళ్ళ చప్పుడే. టీవీలో ఖాళీ కుర్చీ ఉందని సూరిబాబు తరవాత అన్న మాట వల్ల నాకు తెలిసింది. కాసేపటికి సినిమా వేరే ఊరికి, వేరే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

సూరిబాబు నన్ను ఆపి, ఫోన్లో రికార్డు ఆపాడు.

"ఆ ఏడ్చింది మీరేనమ్మా," అన్నాడు సూరిబాబు మెల్లగా.

కెజియా తల ఊపింది. "చిట్టిపిట్ట అని నన్నెవరూ పిలవలేదండి. నాకు తెలీదు, ఆ పేరుందని." చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "కానీ ఆ గొంతు నాది కాదు కదండి."

సూరిబాబు బల్ల మీది స్క్రూడ్రైవరు ఊరికే చేతిలోకి తీసుకున్నాడు.

"ఎక్కడా లేదు. ఒక్క మాటలో కూడా లేదు. నాన్న అబద్ధం చెప్పాడంటారా?"

"అబద్ధమెందుకు చెప్తారమ్మా."

"ఏడుస్తున్నానని చెప్పుంటాడు. చిన్నప్పుడంటే సరే. ఆఖర్న ఎందుకండి? అప్పుడు నేనేం ఏడవలేదే. కళ్ళు మూసుకుని, ఎస్తేరు పాడతన్నట్టుందని... ఎవరికి చెప్పుకున్నాడండి ఆ అబద్ధం?"

సూరిబాబు చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. "మా అమ్మ పోయి చాన్నాళ్ళయిందండి. గొంతు బాగా గుర్తుందనే అనుకుంటాను. తీరా గుర్తు తెచ్చుకుందామంటే మా అక్క గొంతే వత్తాది. ఎంత వెనక్కెళ్ళినా అక్కే మాటాడుద్ది. అమ్మది ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీలేదు. మీ నాన్నగారికీ అలాగే అయ్యుంటదమ్మా. ఇంట్లో రోజూ వినపడేది మీ గొంతే కదా. మీరు పాడతా ఉంటే, అదే ఆవిడ గొంతైపోయుంటది ఆయనకి."

ఆ మాట ఆవిడకు ఊరటగా ఉంటుందనుకుని చెప్పాడు. కెజియా చేతులు ఆగిపోయాయి.

"అంటే, నా పాటే అమ్మని చెరిపేసిందన్నమాట," అంది.

"అయ్యో, అలా కాదమ్మా..."

"మళ్ళీ పెట్టండి."

పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. ప్రతిసారీ చంటిపిల్ల ఏడుపు దగ్గరికి వచ్చేసరికి కెజియా టీవీవైపు కొంచెం వంగేది, ఆ కుర్చీలో మనిషి ఈసారి లేవకపోవచ్చన్నట్టు. నాలోపల వేడి పెరుగుతోంది. వెలుతురు వణుకుతోంది. ఆఖరిసారి గుమ్మడిపువ్వు మాట దాటాక బొమ్మ చుక్కలైంది. గొంతు ఇంకాస్త దూరం వచ్చింది. "లెక్క తప్పుతానే..." అన్నచోట నా కన్ను ఆరిపోయింది. బిళ్ళ తిరుగుతూనే ఉంది. నేను దాన్ని తడమలేకపోయాను. ఎంత కష్టంగా ఉంటుందో మీకు చెప్పలేను, చేతిలో ఉన్నదాన్ని ఇవ్వలేకపోవడం.

సూరిబాబు స్విచ్ ఆపాడు. "ఫోన్లో ఉందమ్మా. మొదటిసారిదే మొత్తం ఉంది, శుభ్రంగా," అన్నాడు. బిళ్ళను జాగ్రత్తగా తీసి, తుడిచి, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. నన్నేం చెయ్యమంటారని అడిగితే, మీ దగ్గరే ఉంచండి అంది. ఆవిడ బయల్దేరినప్పుడు షట్టరు పూర్తిగా పైకెత్తాలని అతనికి గుర్తు రాలేదు. ఆవిడ తల వంచుకుని దాని కిందనుంచి వెళ్ళింది.

ఆ తర్వాత వెలుతురిచ్చే ముక్క కోసం సూరిబాబు తెలిసినవాళ్ళందరినీ అడిగాడు. హైదరాబాదులో లేదన్నారు, చెన్నైలో ఒకరు నవ్వారు. ఇప్పుడు నన్ను దుకాణంలో వెనక అటక మీద పెట్టాడు. నా మోటారు ఒకటి తీసి ఎవరిదో కుట్టుమిషనుకు వేశాడు. అది బాగానే తిరుగుతోందట. నాకేమీ కోపం లేదు. మనుషులు తమకు కావలసిన మాటల్ని ఒకరి గొంతులో ఒకరు దాచుకుంటారు. మాలాంటి యంత్రాలు ఉన్నది ఉన్నట్టు వినిపిస్తాయి. ఏది మంచిదో నాకు తెలియదు. నేను చేసింది మంచి పనేనా అని అటక మీద ఆలోచిస్తుంటాను.

క్రిస్మస్ వెళ్ళాక కెజియా ఒకసారి దుకాణానికి వచ్చింది. మిక్సీ తెచ్చింది. సూరిబాబు దాన్ని విప్పుతూ, ఏదో ఒకటి మాట్లాడాలని, "పండక్కి చర్చిలో బాగా పాడారామ్మా?" అని అడిగాడు.

"లేదండి," అంది కెజియా. "లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. నా గొంతే వినపడింది."

అతను తలెత్తాడు.

"అమ్మ ఒక్కతే పోయిందనుకునేదాన్నండి ఇన్నాళ్ళూ. 'నీ గొంతులో ఉంది' అన్న నాన్న మాటా పోయింది," అంది. "కూర్చుండిపోయాను."